స్టీలు డబ్బాలో సూపు

“ఆ కప్పు కడగొద్దు వదినా! అలాగే ఉంచు!”

ఆడపడుచు కేక వేసిన తీరుకి కోడలి చేతిలోని కప్పు సింకులోకి జారబోయింది. అందులో అడుగున అంటుకున్న పసుపుపచ్చటి చుక్కలు తప్ప ఏమీ లేదు.

“ఏమైంది?”

“అమ్మ తాగింది ఇదేనా?”

“ఇదే! మొత్తం తాగేశారు. చెంచాతో అడుగు కూడా గీకారు తెలుసా!”

కోడలి మొహం ఇంకా వెలిగిపోతూనే ఉంది. గొంతు ఆపరేషన్ అయ్యాక అత్తగారి గిన్నె ఖాళీగా వంటింట్లోకి తిరిగి రావడం ఇదే మొదటిసారి. ఏం పెట్టినా రెండు చెంచాలు మింగి, ఇసక తిన్నట్టుందని పక్కకి నెట్టేసేవారు. వచ్చేసారి చూసేటప్పటికి బరువు పెరక్కపోతే ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపించక తప్పదని డాక్టరు మెత్తగానే చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఇంట్లో ఎవరి ముద్దా సరిగ్గా గొంతు దిగడం లేదు. అందుకే ఖాళీ కప్పుని జాతరలో బహుమతి గెలిచినట్టు రెండు చేతులా పట్టుకుని వచ్చింది కోడలు.

ఆడపడుచు మాత్రం నవ్వలేదు. తలకి చుట్టుకున్న తువ్వాలు జారిపోతున్నా పట్టించుకోలేదు.

“ఈ సూపు ఫ్రిజ్‌లోకి ఎప్పుడు వెళ్ళింది వదినా?”

“ఎప్పుడు వెళ్ళడమేంటి?”

“మొన్న విందులో పెద్దమ్మ తెచ్చిన గుమ్మడికాయ సూపేగా ఇది? నువ్వు గురకయ్యలో పెట్టి ఎండబెట్టింది? ఆ పెద్ద గిన్నె భోజనాలు మొదలైన దగ్గర్నుంచి చుట్టాలందరూ వెళ్ళేదాకా బల్ల మీదే ఉంది. నా కళ్ళతో చూశాను. దాన్ని లోపల పెట్టింది ఎవరు? ఎప్పుడు?”

కోడలు కప్పుని గట్టు మీద పెట్టింది.

ఆ ప్రశ్న ఆమె ఎవరినీ అడగలేదు.

*

గురకయ్య అంటే మనిషి కాదు. బట్టలుతికే గదిలో వాషింగ్ మెషీన్ పక్కన కూర్చుని పగలూ రాత్రీ గురక పెట్టే యంత్రం. ఆ పేరు పెట్టింది అత్తగారే. కోడలి భర్త కొండలెక్కేవాళ్ళని వెంట తీసుకెళ్ళే గైడు. పైన గుడారాల్లో వండుకునే వీలుండదని, తోటి గైడుతో కలిసి ఈ ఫ్రీజ్ డ్రయ్యర్ కొన్నాడు. వండిన వంటని పళ్ళేల్లో పల్చగా పరిచి అందులో పెడితే, ముందు రాయిలా గడ్డకట్టిస్తుంది. తర్వాత లోపలి గాలంతా లాగేసి, ఆ మంచు నీరవకుండానే ఆవిరైపోయేలా చేస్తుంది. బయటికి తీసేసరికి వంట వంటలాగే ఉంటుంది, బరువు మాత్రం దూదిపింజంత. వేడినీళ్ళు పోస్తే మళ్ళీ ప్రాణం వస్తుంది.

సెలవుల విందు అయిన మర్నాడు పొద్దున ఫ్రిజ్ తలుపు మూతపడనంతగా మిగిలిన వంటలు చూసి, కోడలే ఆ పని మొదలుపెట్టింది. ఒక పళ్ళెంలో ఉడికించిన బఠాణీలు, ఒకదానిలో చిదిమిన బంగాళాదుంపలు, ఒకదానిలో కేకు ముక్కలు. అన్నిటికన్నా కింద పళ్ళెంలో, ఫ్రిజ్ అడుగు అరలో కూరగాయల వెనక దొరికిన స్టీలు డబ్బాలోని గుమ్మడికాయ సూపు. బాగా నెయ్యి కారుతున్న మాంసం వేపుడు కూడా పెట్టింది గానీ అది ఎండలేదు. జిడ్డుజిడ్డుగా అలాగే కూర్చుంది. కొవ్వుకి నీళ్ళ మాట వినే అలవాటు లేదని భర్త నవ్వి దాన్ని కుక్కకి కూడా పెట్టనివ్వలేదు.

సూపు మాత్రం అందంగా వచ్చింది. ఎండిన ఆకుల్లా పెళుసుగా, నారింజరంగు రేకులు. పొద్దున కాసిని రేకులు కప్పులో నలిపి, గోరువెచ్చటి నీళ్ళు పోసి కలిపింది. గుప్పున వాసన లేచింది.

అప్పుడెంత సంతోషపడిందో ఇప్పుడంత భయపడింది.

“ఎండబెట్టాంగా... అందులో ఇంకే క్రిములు బతికి ఉంటాయి?” అంది, తనకే నమ్మకం లేని గొంతుతో.

“ఎండితే చావవు వదినా. గడ్డకడితే నిద్రపోతాయి, అంతే. నీళ్ళు తగలగానే లేచి కూర్చుంటాయి. నేను రోజూ ల్యాబ్‌లో గాజుపలకల మీద చూసేది వాటినేగా?” ఆడపడుచు ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియను. మామూలుగా ఇంట్లో ఆ ఉద్యోగం ఊసెత్తదు. “నీకూ నాకూ అయితే ఓ పూట కడుపునొప్పితో పోతుంది. అమ్మకి ఇప్పుడు ఒంట్లో ఏం మిగిలిందని? జ్వరం వస్తే చాలు, మళ్ళీ ఆసుపత్రే.”

“నేను కావాలని చేశానా?”

“కావాలని చేశావని నేనన్నానా?”

“అన్నట్టే ఉంది.”

“అడగాల్సింది కదా! ఒక్క మాట. ఇది ఎప్పుడు లోపల పెట్టారు అని ఒక్క మాట అడగడానికి ఏమైంది?”

“నువ్వే పెట్టావనుకున్నాను.”

“నేనా? నేను ఆ సాయంత్రమంతా వచ్చినవాళ్ళ చలికోట్లు వెతికి ఇవ్వడంలోనే ఉన్నాను!”

సరిగ్గా అప్పుడే కోడలి భర్త చెంపలు ఉబ్బించుకుని ఏదో కరకరమని నములుతూ వచ్చాడు.

“ఈ కేకు అద్భుతమోయ్! బిస్కెట్టుకి తాతలా ఉంది. ఇది గనక పైకి తీసుకెళితే...” ఇద్దరి మొహాలూ చూసి నమలడం ఆపాడు. “ఏంటి?”

“అన్నయ్యా, మొన్న సూపు గిన్నె లోపల పెట్టింది నువ్వేనా?”

“సూపా? లేదే. మాంసం, బంగాళాదుంపలు, బఠాణీలు, అవన్నీ నేనే పెట్టాను. భోజనాలవుతుండగానే సర్దేశాను. కొండ మీద అలవాటు.” అతను ఒకరి తర్వాత ఒకర్ని చూశాడు. “సూపు మీరు పెట్టలేదా?”

గోడ అవతల గురకయ్య ఒక్కటే గురక పెడుతోంది.

*

అత్తగారు రెండు దిండ్లకి ఆనుకుని కిటికీ వైపు చూస్తున్నారు. ముగ్గురూ ఒకేసారి గుమ్మంలోకి వచ్చేసరికి తల తిప్పారు.

“ఏంటిలా గుంపుగా వచ్చారు? నేనింకా పోలేదు.”

ఆ గొంతు ఇప్పుడు కాగితం చించినట్టు ఉంటోంది. రైల్వే స్టేషన్‌లో మైకు ముందు బళ్ళ రాకపోకలు చదివిన మనిషి ఆమె. ఆమె ఒక్క మాటంటే ప్లాట్‌ఫారమంతా మూటలెత్తుకుని అటునుంచి ఇటు పరిగెత్తేది. గొంతు సన్నబడినా ఆ అధికారం తగ్గలేదు. మాట్లాడితే ఇప్పటికీ ఇంట్లో అందరూ చేస్తున్న పని ఆపేస్తారు.

“ఏం లేదమ్మా.” కూతురు పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసింది. “కడుపులో ఏమన్నా ఇబ్బందిగా ఉందా?”

“ఉంది.”

కోడలు గుమ్మం పట్టుకుంది.

“ఎ... ఎలా ఉందమ్మా? నొప్పా? తిప్పుతున్నట్టా?” అంది కూతురు.

“ఆకలి వేస్తోంది,” అన్నారు అత్తగారు. “ఇంకో కప్పు ఉందా?”

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈ మాట కోసం ఈ ఇంట్లో ఎన్ని రకాల వంటలు పొయ్యెక్కి దిగాయో! ఎన్ని గిన్నెలు నిండుగా వెనక్కి వచ్చాయో! ఆకలి వేస్తోందని ఆమె నోటితో ఆమె అంటే, ఉందని చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదు.

“ఉందా, లేదా?”

“ఉంది అత్తయ్యా. కానీ...”

“కానీ?”

“కాసేపాగి తాగుదువుగాని,” అన్నాడు కొడుకు గబగబా. “ఒక్కసారే ఎక్కువ తాగితే అరగదేమో.”

“నువ్వు పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను నిన్ను. అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి.” అత్తగారు కోడలి వైపు తిరిగారు. “నువ్వు చెప్పమ్మా. ఆ సూపుకి ఏమైంది?”

కోడలు దాచలేకపోయింది. దాచాలని కూడా అనిపించలేదు. మంచం దగ్గరికొచ్చి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. బల్ల మీద సాయంత్రమంతా ఉన్న గిన్నె, తను అడక్కపోవడం, ఎవరు ఎప్పుడు లోపల పెట్టారో తెలియకపోవడం. చెబుతూ చెబుతూ ఏడుపు ఆపుకోలేక ముక్కు తుడుచుకుంది.

“తప్పు నాదే అత్తయ్యా. మీరు ఏదో ఒకటి తింటే చాలని తొందరపడ్డాను.”

అత్తగారు దుప్పటి అంచుని వేళ్ళతో సాపు చేశారు.

“అది ఎవరు చేసిన సూపో నాకు చెప్పలేదే పొద్దున?”

కోడలు తల దించుకుంది.

“చెబితే తాగనని చెప్పలేదు. అంతేనా? మొదటి చెంచాకే తెలిసింది నాకు. గుమ్మడికాయని ముందు నిప్పుల మీద నల్లగా కాల్చి, ఆ తర్వాత చెక్కు తీసి చేస్తారు. మా అమ్మ అలా చేసేది. ఆ వంట వచ్చినవాళ్ళు ఇప్పుడు ఒక్కరే ఉన్నారు.”

“మరి ఎలా తాగావమ్మా?” అంది కూతురు, ఆశ్చర్యంగా.

“నాలుక మీద ఏదో తెలిసింది. ఇన్నాళ్ళకి ఏదో ఒకటి తెలిసింది. వదిలేయబుద్ధి కాలేదు.”

అత్తగారికీ ఆమె అక్క పెద్దమ్మకీ మధ్య మాటల్లేక ఏళ్ళయింది. వాళ్ళమ్మని చివరి రోజుల్లో అక్కే దగ్గరుండి చూసుకుంది. చెల్లెలు కంగారుపడుతుందని, కొంచెం నయంగానే ఉందని కబురు పంపిస్తూ వచ్చింది. అసలు సంగతి తెలిసి చెల్లెలు రైలు దిగేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు గుమ్మంలో నిలబడి ఆమె ఒక్కటే మాట అంది. “నాకెందుకు చెప్పలేదు?” దానికి అక్క ఏం జవాబిచ్చిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఫోను కూడా లేదు. తనకి జబ్బు చేసినప్పుడు అత్తగారు అందరినీ మంచం చుట్టూ నిలబెట్టి ఒట్టు వేయించుకున్నారు. “నాకు చెప్పలేదుగా. తనకీ చెప్పడానికి వీల్లేదు.”

అలాంటిది మొన్న విందుకి, పిలవకుండానే, పెద్ద గిన్నె పట్టుకుని పెద్దమ్మ దిగింది. బల్లకి ఆ చివర కూర్చుంది. చెల్లెలు ఈ చివర కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా చూసుకున్నారు. భోజనాలయ్యాక పెద్దమ్మ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

“అమ్మా,” అన్నాడు కొడుకు, “పెద్దమ్మని అడిగితే...”

“వద్దు.”

“ఒక్క మాట. ఆ సూపు ఎవరు లోపల పెట్టారో తనకేమన్నా తెలుసేమోనని...”

“వద్దన్నాను. నేను బతుకుతానో చస్తానో తనని అడిగి తెలుసుకోవాల్సిన గతి పట్టలేదు నాకు. వెళ్ళండి. నాకు నిద్ర వస్తోంది.”

నిద్ర ఎక్కడా కనబడలేదు ఆ కళ్ళల్లో.

*

వంటింట్లో మామగారు బల్ల దగ్గర కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి కావడం వల్లనేమో, ఏ కాస్త ఇబ్బంది వచ్చినా ఆయన చేతులు ముందు అద్దాల మీదికే వెళతాయి. ఇవాళ ఎంతసేపట్నుంచి తుడుస్తున్నారో.

“డాక్టరుకి ఫోన్ చేద్దాం,” అన్నాడు కొడుకు.

“చేశాను,” అంది ఆడపడుచు. “జ్వరం వచ్చినా, వాంతులైనా వెంటనే తీసుకురమ్మన్నారు. అప్పటిదాకా కనిపెట్టుకుని ఉండమన్నారు. సాయంత్రం దాకా ఏ సంగతీ తెలీదు.”

“అయితే ఇలా కూర్చుని చూడటమేనా?”

“నువ్వు కేకు తింటూ చూడు.”

“నామీదెందుకే పడతావు?”

“మరెవరి మీద పడను? వదిన మీద పడితే ఏడుస్తోంది. నాన్న మీద పడితే అద్దాలు తుడుస్తున్నారు!”

కోడలు ఆ గొడవ వినడం లేదు. ఆమె సింకు పక్కన ఆరబెట్టిన గిన్నెల దగ్గర నిలబడి ఏదో చూస్తోంది.

“ఏవండీ... ఆ పెద్ద గిన్నె కడిగింది మీరేనా?”

“నేనే. అందరూ వెళ్ళాక.”

“అందులో మిగిలిన సూపు ఏం చేశారు?”

“మిగిలిందెక్కడ? రొట్టెతో తుడిచి మరీ తిన్నాను. గీరడానికి కూడా ఏమీ లేదు. బాగుంది కదాని...” అతను ఆగాడు. మెల్లగా కుర్చీలోంచి లేచాడు. “ఆగాగు. గిన్నె ఖాళీ అయితే...”

“మరి డబ్బాలోకి సూపు ఎక్కణ్ణుంచి వచ్చింది?” అంది ఆడపడుచు.

కోడలు ఆరబెట్టిన గిన్నెల్లోంచి స్టీలు డబ్బా తీసింది. రెండు వైపులా బిగించే కొక్కేలున్న గుండ్రటి డబ్బా. మూత మీద చిన్న సొట్ట. “ఇది నీదా?” అని ఆడపడుచుని అడిగింది.

“నాది కాదు. మీదేననుకున్నాను.”

“మాది కాదు. నువ్వు తెచ్చుకున్నావనుకుని ఇద్దామని కడిగి పెట్టాను.”

ముగ్గురూ ఆ డబ్బాని ఎప్పుడూ డబ్బా చూడనివాళ్ళలా చూశారు.

“పెద్దమ్మదే,” అంది ఆడపడుచు. “విడిగా తెచ్చింది. కానీ ఎప్పుడు పెట్టింది? వచ్చేటప్పుడా, వెళ్ళేటప్పుడా? ఎన్ని గంటలు సంచీలో మోసుకొచ్చిందో? దారిలో ఎంత వేడెక్కిందో? అది తెలియకుండా మనకి ఒరిగిందేముంది?”

“తనని అడిగితే తెలుస్తుంది.”

“అమ్మ వద్దంది.”

అమ్మ వద్దన్న పని చెయ్యడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

మామగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. చొక్కా జేబులోంచి ఫోను తీశారు. ఏదో నొక్కి బల్ల మీద పెట్టి, స్పీకరు వేశారు. కూతురు వంగి తెర మీద పేరు చూసింది.

“ఫ్రేముల సప్లయరా? ఇప్పుడు ఫ్రేములెందుకు నాన్నా? ఇక్కడ మేం ఏం మాట్లాడుకుంటున్నాం, మీరేం చేస్తున్నారు?”

ఫోను రెండుసార్లు మోగిందో లేదో, అవతలివైపు ఎవరో ఎత్తారు.

“ఆ, మరిదిగారూ! ఎలా ఉంది? ఏమన్నా తిందా?”

పెద్దమ్మ గొంతు.

కొడుకు చేతిలోని కేకు ముక్క బల్ల మీద పడి పొడిపొడి అయింది. గత కొన్ని వారాలుగా రోజూ సాయంత్రం మామగారు బాల్కనీలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఫ్రేముల సప్లయరుతో గుసగుసలాడటం అందరూ చూస్తూనే ఉన్నారు. దుకాణంలో ఏదో ఇబ్బంది ఉందనీ, ఆయన ఎవరికీ చెప్పడం లేదనీ కోడలు తనలో తను దిగులు పడింది కూడా.

“వదినగారూ,” అన్నారు మామగారు, “మీరు మొన్న ఫ్రిజ్‌లో ఒక స్టీలు డబ్బా పెట్టారా?”

“పెట్టాను. కనబడలేదా? కూరగాయల వెనక్కి తోశాను, ఎవరూ ముట్టుకోకుండా. అది మీ ఇంట్లో అందరి కోసమూ కాదు. దాని కోసం విడిగా చేసింది. ఉప్పు తక్కువేసి, మిరియాలు లేకుండా. గొంతు మండుతోందని మీరు చెప్పారుగా?”

“ఎప్పుడు పెట్టారు పెద్దమ్మా?” ఆడపడుచు ఆగలేక ఫోను మీదికి వంగింది.

“ఎవరది, చిన్నపిల్లా? ఎప్పుడేంటే? రాగానే. సంచీ కూడా దించకముందు. మీరంతా ముందుగదిలో పలకరింపుల్లో ఉన్నారు. సరాసరి వంటింట్లోకి వెళ్ళి పెట్టేశాను.”

“దారిలో? దారిలో ఎలా తెచ్చారు?”

“ముందురోజే గడ్డకట్టించాను. చుట్టూ మంచు ముక్కలు పెట్టి తెచ్చాను. మీ ఫ్రిజ్‌లో పెట్టేటప్పటికి కూడా రాయిలానే ఉంది, నా వేళ్ళు కొంకర్లు పోయాయి. ఎందుకే ఇన్ని ప్రశ్నలు? పాడైందా?”

ఆడపడుచు కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని కోడలు దగ్గరికెళ్ళింది. నవ్వుతోంది. నవ్వుతూనే ఏడుస్తోంది. వదిన నడుం చుట్టూ చేతులు వేసి పొట్టలో తల పెట్టేసింది.

“పాడవలేదు పెద్దమ్మా,” అన్నాడు కొడుకు. “అస్సలు పాడవలేదు. అమ్మ తాగింది. కప్పు మొత్తం. ఇంకా కావాలంది.”

అవతల పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

“మొత్తం తాగిందా?”

“అడుగు గీకారు,” అంది కోడలు. ఆ మాట రెండోసారి చెప్పగలగడం ఎంత హాయిగా ఉందో ఆమెకే తెలుసు. ఛాతీ మీంచి ఎవరో బియ్యం బస్తా దింపినట్టయింది. కిటికీలోంచి వస్తున్న ఎండ, సింకులో గిన్నెలు, గోడ అవతలి గురక, అన్నీ మళ్ళీ తమ తమ చోట్లకి వచ్చి కూర్చున్నాయి.

“వదినా, ఇందాక నోటికొచ్చినట్టు అన్నాను,” అంది ఆడపడుచు, పొట్టలోంచి తల ఎత్తకుండా.

“అడగాల్సిందే. రేపట్నుంచి నువ్వు అడుగు, నేను ఎండబెడతాను.”

“ముందు మిగిలినది గాలి తగలకుండా సంచుల్లో పెట్టి మూతులు మూసెయ్. లేకపోతే అన్నయ్య అదీ నమిలేస్తాడు.”

అప్పుడే నవ్వు మొదలైంది. కొడుకు నవ్వాడు, కోడలు నవ్వింది. మామగారు కూడా పెదవి విప్పారు.

“ఎంతకాలం నుంచి?”

కాగితం చించినట్టున్న గొంతు. నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి గోడ మీద ఉంది. మంచం దిగి అంత దూరం ఎవరి సాయమూ లేకుండా నడిచారని ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు.

“అడిగింది మిమ్మల్నే. ఎంతకాలం నుంచి?”

మామగారి చెయ్యి కళ్ళజోడు వైపు వెళ్ళింది. మధ్యలో ఆగి కిందికి దిగింది.

“ఆపరేషన్ రోజు నుంచి.”

“చెప్పొద్దన్నాను.”

“అన్నావు.”

“ఒట్టు వేశారు.”

“వేశాను.”

“మరి?”

ఆయన పిల్లలిద్దరి వైపూ చూశారు. వాళ్ళ ముందు ఇలాంటి మాటలు మాట్లాడిన మనిషి కాదు.

“నిన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేశారు. నేను బయట బెంచీ మీద ఉన్నాను. నాకు భయమేసింది. పిల్లలకి చెబితే వాళ్ళు భయపడతారు. మామూలుగా ఏదన్నా వస్తే నీకు చెప్పుకుంటాను. నువ్వేమో లోపలున్నావు.” ఆయన గొంతు సవరించుకున్నారు. “నీ తర్వాత నీలా మాట్లాడే మనిషి ఇంకెవరున్నారా అని చూశాను. ఒక్కరే కనబడ్డారు.”

అత్తగారు ఆయన్ని చూస్తూ ఉండిపోయారు. కోపం వస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె పెదవులు ఒకసారి బిగుసుకున్నాయి, వదులయ్యాయి. తిట్టడానికి తెచ్చుకున్న మాటేదో తిరిగి లోపలికే వెళ్ళిపోయినట్టుంది.

కొడుకు కుర్చీ జరిపాడు. ఆమె కూర్చున్నారు.

బల్ల మీద ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. ఎవరూ కట్టెయ్యలేదు.

“మరిదిగారూ,” అంది ఫోన్లోంచి పెద్దమ్మ గొంతు, జాగ్రత్తగా, ఒక్కో మాటా తూచి. “అది అక్కడే ఉందా?”

“ఉంది వదినగారూ.”

“అయితే ఒక మాట చెప్పండి దానికి. నేనింకా వెళ్ళలేదు. బస్టాండు ఎదురుగా లాడ్జిలో ఉన్నాను. టికెట్టు తీసుకున్నాను, వెనక్కిచ్చేశాను. మళ్ళీ తీసుకున్నాను, మళ్ళీ ఇచ్చేశాను. ఆ కౌంటర్లో అబ్బాయి నన్ను చూస్తేనే భయపడుతున్నాడు.”

ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“రమ్మంటే వస్తాను. వద్దంటే ఈసారి నిజంగానే బస్సెక్కుతాను. అడిగి చెప్పండి.”

ఫోనుకి ఇవతల జానెడు దూరంలో కూర్చుని ప్రతి మాటా వింటున్నారు అత్తగారు. అయినా సరే, మామగారు ఆమె వైపు తిరిగి ఎంతో బుద్ధిగా అడిగారు.

“రమ్మంటావా అని అడుగుతున్నారు.”

అత్తగారు బల్ల మీద పొడైపోయిన కేకుని వేలితో ఒక పక్కకి పోగు చేశారు. ఆ పోగు చుట్టూ ఒక గీత గీశారు.

“రమ్మనండి.”

ఒక్కసారిగా వంటింట్లో అందరూ కదిలారు. కొడుకు కారు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు. ఆడపడుచు తల తువ్వాలు విప్పేసి, ముందుగది చిందరవందరగా ఉందంటూ పరిగెత్తబోయింది. కోడలు వేడినీళ్ళకి కెటిల్ పెట్టింది. ఇంకో కప్పు కలపాలి. కాదు, రెండు కప్పులు.

“ఆగండి,” అన్నారు అత్తగారు.

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

“వాళ్ళని వీళ్ళని పంపించక్కర్లేదు, దారి తనకి తెలుసు. వచ్చేసరికి మాత్రం మీరెవ్వరూ ఇంట్లో ఉండకూడదు. మేం మాట్లాడుకునేది మీరు వినేది కాదు.” ఆమె కళ్ళు భర్త మీద ఆగాయి. “తను ఆ రోజు నాకు ఇచ్చిన జవాబు ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు నేను. ఇప్పుడు దానికి బదులు చెప్పాలి.”

మామగారి మొహంలో నవ్వు మెల్లగా మాయమైంది.

“నేను కూడానా?” అన్నారు చిన్నగా.

“ముందు మీరే. మీరుంటే మధ్యలో దూరి ఇద్దరికీ సర్దిచెబుతారు.”

ఆ సన్నటి గొంతు అవతలికి చేరలేదేమో, ఫోన్లోంచి పెద్దమ్మ మళ్ళీ పిలిచింది. “మరిదిగారూ? ఏమంటోంది? మాట్లాడరేం? రమ్మంటోందా, వద్దంటోందా?”

మామగారు ఫోను చేతిలోకి తీసుకున్నారు. స్పీకరు తీసేసి చెవి దగ్గర పెట్టుకుని, గుమ్మం వైపు రెండడుగులు వేశారు.

“రండి వదినగారూ,” అన్నారు. “కానీ మీరొచ్చేసరికి నేను ఇంట్లో ఉండను.”